ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోండి

బుజ్జమ్మకు, చిన్నోడికి,

అలిపిరి మెట్లెక్కి కొండకు పోయి వచ్చిన కాడినుంచి బుజ్జమ్మ ఒకటే అడుగుతోంది: "చూపు లేని ఆ అన్న కట్టె పట్టుకుని అంత చక్కగా ఎట్ల ఎక్కినాడు తాతా? నేను రెండు కళ్లూ పెట్టుకుని గాలిగోపురం రాకముందే తట్టుకుని పడబోయినా కదా!" ఫోన్లో చెబుదామంటే సగంలో చిన్నోడు లాక్కుంటాడు, అందుకే రాస్తున్నా.

నా చిన్నప్పుడు మన మిద్దె మీద టీవీ యాంటెనా ఉండేది. మద్రాసు దూరదర్శన్ అందాలంటే గొట్టం బాగా ఎత్తుండాలి, ఎత్తు పెరిగితే ఊగుతుంది, అందుకని మా నాయన మూడు వైపులా తీగలు లాగి కట్టాడు. మన ఒళ్లు కూడా ఆ గొట్టమే అనుకోండి. మొదటి తీగ కళ్లు. తలుపు, గోడ నిటారుగా కనిపిస్తుంటే వాటిని చూసి మనమూ నిటారుగా ఉంటాం. రెండోది చెవి లోపల, మనకు కనబడని చోట ఉంటుంది. అక్కడ నీరు నిండిన మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలున్నాయి, తల తిరిగితే ఆ నీటి కదలిక మెదడుకు తెలుస్తుంది. పక్కనే సన్నని స్ఫటికాలు కూడా ఉంటాయి, సున్నపురాయిలో ఉండే పదార్థమే అది! తల ఎటు వంగిందో అవి చెబుతాయి. మూడో తీగ అరికాళ్లు, కీళ్లు, కండరాలు. చీకట్లో కూడా మీ మోకాలు వంగిందో లేదో మీకు తెలుస్తుంది కదా, అదే.

ఒకసారి తుఫాను గాలికి మా తీగ ఒకటి తెగి గొట్టం వాలిపోయింది. సాయంత్రమంతా నేను పైన తిప్పడం, కింద నుంచి "వచ్చింది, పోయింది, ఇంకొంచెం" అని అరుపులు. మనిషి మాత్రం గొట్టంలా వాలిపోడు. ఒక తీగ లేకపోతే మిగిలిన రెండింటినీ తనే బిగించుకుంటాడు. ఆ అన్న చేసింది అదే. అయినా ఊగు కొంచెం ఎక్కువే ఉంటుంది, అందుకే తెలియని చోట చాలామంది పాదాలు ఎడంగా పెట్టి చిన్న అడుగులు వేస్తారు. వాళ్లకేదో మాయ చెవులున్నాయని ఎవరైనా చెబితే నమ్మకండి, అదంతా సాధనే.

అతని చేతిలో కట్టె చూశారా? అది నాలుగో తీగ, కానీ లాగి కట్టిన తీగ కాదు. బరువు మోయకుండా ఊరికే నేలను తాకుతూ ముందు మెట్టుందా, చదునా అని చెబుతుంది. రెయిలింగ్‌కు ఒక వేలు ఆనించినా చాలు, ఒళ్లు ఎటు ఊగుతోందో ఆ వేలే చెప్పేస్తుంది.

పుట్టుకతోనే చూపు లేని కొందరు తల దించుకుని నడుస్తారు. దానికి నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీరు పసిపిల్లలుగా ఉన్నప్పుడు బోర్లా పడి తలెందుకు ఎత్తారు? అమ్మ మొహం కనబడుతుందని! చూపు లేని బిడ్డకు ఆ ఆశ ఉండదు, అందుకే వాళ్లు పాకడం, నడవడం సాధారణంగా ఆలస్యం అవుతుంది. ఎదురుగా గిలక్కాయ ఆడిస్తూ పిలుస్తుంటే మెల్లగా తలెత్తడం నేర్చుకుంటారు.

ఇంకోమాట. అలాంటివాళ్లు కనబడితే గబుక్కున చెయ్యి పట్టి లాగకండి. వాళ్లు బిగించుకున్నదంతా చెదిరిపోతుంది. సాయం కావాలా అని ముందు అడగండి, కావాలంటే మీ మోచేయి అందివ్వండి, వాళ్లే పట్టుకుని అరడుగు వెనకగా నడుస్తారు. మెట్టు రాగానే ఆగి, ఎక్కాలా దిగాలా చెప్పండి.

సరే, ఇప్పుడు లేవండి. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోండి, ఒకరు చేస్తుంటే ఇంకొకరు లెక్కబెట్టండి. తర్వాత గోడకు ఒక్క వేలు ఆనించి మళ్లీ చేయండి, వాలకూడదు సుమా. ఆ తర్వాత పరుపు మీద చేసి, అరికాలికి మెత్తగా తగిలితే ఏమవుతుందో చూసి నాకు చెప్పండి. మంచం మీద పరుపు కాదు, కింద పరిచింది. లేదంటే మీ అమ్మ తిట్టేది నన్నే.

మీ తాత,
తిరుపతి