ఉతికిన మ్యాపుని నమ్మొచ్చా?

"మ్యాపుని గుడ్డ మీద ముద్రిస్తే ఉతికినప్పుడు చెరిగిపోదా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆయన ఈమధ్యే ఓరియెంటీరింగ్ మొదలుపెట్టారు. మ్యాపూ దిక్సూచీ చేతబట్టుకుని, అడవిలో గుర్తుపెట్టిన చోట్లన్నిటినీ వరుసగా వెతుక్కుంటూ పరుగెత్తే ఆట అది. కాగితం మ్యాపు రెండు వానలకే పేలికలైందట.

చెరిగిపోదు. కాకపోతే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దాని దగ్గరికి రావడానికి ముందు రంగు సంగతి చెప్పేస్తాను.

కాగితంలో పీచులు ఒకదానికొకటి అంటుకుని ఉండేది ఎక్కువగా హైడ్రోజన్ బంధాల వల్లే. నీళ్లు ఆ బంధాల మధ్య దూరితే మామూలు కాగితం బలంలో పదో వంతు కూడా మిగలదు. గుడ్డ అలా కాదు. దారాలు ఒకదాని కిందా మీదా అల్లుకుని, రాపిడితో నిలబడతాయి. అందుకే తడిసిన చొక్కా చినిగిపోదు. ఇక రంగు. పాలియెస్టర్ మీద ముద్రించడానికి వాడే డిస్పర్స్ రంగులని సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కి వేడిచేస్తే అవి కర్పూరంలా నేరుగా ఆవిరవుతాయి. అదే వేడికి పాలియెస్టర్ అణువుల పొడవాటి గొలుసులు వదులై, ఆ సందుల్లోకి రంగు దూరుతుంది. చల్లారగానే గొలుసులు బిగుసుకుంటాయి. రంగు పోగు పైన కాక పోగు లోపల ఉండిపోతుంది. పైగా గాలిలో తేమని నూలు తన బరువులో 8 శాతం దాకా, పట్టు 11 శాతం దాకా పీల్చుకుంటే, పాలియెస్టర్ పీల్చేది 0.4 శాతమే. నీటికి లోపలికి దారే లేనప్పుడు రంగు బయటికి ఎలా వస్తుంది?

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ సదుపాయం లేదు. బ్రిటన్‌లోని ఎంఐ9 విభాగం శత్రుభూమిలో చిక్కుకున్న సైనికుల కోసం పట్టుగుడ్డ మీద మ్యాపులు అచ్చువేయించింది. పట్టు ఎందుకంటే, దాన్ని మడిచి దుస్తుల్లో దాచొచ్చు, విప్పినప్పుడు గరగర చప్పుడు రాదు. కానీ సిరా పోగుల వెంట పాకి గీతలన్నీ అలికేసేది. క్రిస్టఫర్ క్లేటన్ హట్టన్ అనే అధికారి సిరాలో పెక్టిన్ కలిపించాడు. జామ్‌ని చిక్కబరిచే పదార్థం అదే! దాంతో సిరా కదలకుండా నిలిచింది. నాకీ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు.

ఓరియెంటీరింగ్ మ్యాపుకి శుభ్రత కూడా సమాచారమే. అందులో తెలుపు అంటే సులువుగా పరుగెత్తగల అడవి, పసుపు అంటే బయలు, గోధుమరంగు గీతలు ఎత్తుపల్లాలు చెప్పే కాంటూర్లు. తెల్లటి చోట బురద మరక పడిందంటే అడవి బయలైపోయినట్టే, కాంటూర్ గీత మరకలో కలిసిపోయినట్టే. కాబట్టి ఉతకాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. ఒక చేతిరుమాలు తీసుకోండి. ఎదురెదురు అంచులు పట్టుకుని లాగండి. పెద్దగా సాగదు. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని ఐమూలగా లాగండి. ఎంత తేలిగ్గా సాగిందో చూశారా! పడుగు దారాలు సాగలేదు, పేక దారాలూ సాగలేదు. అవి కలుసుకునే చోట్ల తిరిగాయి, అంతే. మేకులు వదులైన తలుపు చట్రం ఒక పక్కకి వాలినట్టు, లక్షల చిన్నచిన్న చదరాలన్నీ ఒకేసారి వాలాయి. బడిలో సమాంతర చతుర్భుజం పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద బొమ్మ గీసి సూత్రం బట్టీ పట్టిస్తాం. ప్రతి పిల్లవాడి చేతికీ ఒక గుడ్డముక్క ఇచ్చి లాగమంటే జన్మలో మరిచిపోడు.

ఆ గుడ్డ మీద మ్యాపు ఉందనుకోండి. పడుగూ పేకల మధ్య 90 డిగ్రీలు ఉండాల్సింది 87 అయింది. చూస్తే తెలియదు. మ్యాపు మీది ఉత్తర రేఖల్ని దిక్సూచి ముల్లుకి సరిపెట్టి దిశ తీశారు. ఆ రేఖలు పడుగు వెంటే ఉంటే, నేరుగా ఉత్తరాన ఉన్న చోటుకి తప్పేమీ రాదు. ఈశాన్యాన ఉన్నదానికి సుమారు ఒకటిన్నర డిగ్రీ, నేరుగా తూర్పున ఉన్నదానికి పూర్తిగా 3 డిగ్రీలు తప్పుతుంది. 500 మీటర్లు నడిచేసరికి 26 మీటర్లు పక్కకి చేరతారు. దట్టమైన అడవిలో ఒక బండరాయిని వెతుకుతుంటే ఆ 26 మీటర్లు చాలు, అది కంటికి కనబడకుండా పోవడానికి. ఎంత నడిచినా మొదటి చోటికే వస్తే ఏదో శక్తి తిప్పుతోందనుకునే నమ్మకం చాలా చోట్ల ఉంది. సూర్యుడు కనబడని అడవిలో తిన్నగా వెళ్తున్నామనుకుంటూనే మనుషులు చుట్టూ తిరిగి వస్తారని 2009లో జర్మనీ పరిశోధకులు నడిపించి మరీ చూపించారు. తిప్పేది దెయ్యం కాదు, మన ఇంద్రియాల్లో పోగుపడే చిన్న చిన్న తప్పులు. ఆ తప్పుల్ని సరిదిద్దాల్సిన మ్యాపే వాలిపోతే కష్టం.

మరి వాలిందని ఎలా కనిపెట్టాలి? ఇక్కడే నన్ను బాగా ఆకట్టుకున్న చిక్కు ఉంది. ఓరియెంటీరింగ్ మ్యాపు మీద సాధారణంగా ఉత్తర రేఖలే ఉంటాయి, అడ్డగీతలు ఉండవు. ఒకే వైపుకి సాగే సమాంతర రేఖలు గుడ్డ వాలినా సమాంతరంగానే ఉంటాయి. 1:10,000 స్కేలులో వాటి మధ్య దూరం 30 మిల్లీమీటర్లు. 3 డిగ్రీలు వాలితే ఆ దూరం తగ్గేది 0.04 మిల్లీమీటర్లు మాత్రమే! ఎవరికీ కనబడదు. అందుకే గుడ్డ మ్యాపు అచ్చువేయించేటప్పుడు 10 సెంటీమీటర్ల చదరం ఒకటి, భుజాలు దారాల వెంట ఉండేలా, తప్పకుండా పెట్టించాలంటాను. వడ్రంగి చట్రానికి మూలమట్టం చూసినట్టు దాని కర్ణాలు రెండూ కొలవండి. సరిగ్గా ఉంటే రెండూ 14.1 సెంటీమీటర్లు. 3 డిగ్రీలు వాలితే ఒకటి 14.5, రెండోది 13.8 అవుతుంది. 7 మిల్లీమీటర్ల తేడా మామూలు స్కేలుకే దొరికిపోతుంది.

ఇది అర్థమైతే ఉతికే పద్ధతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. పిండకూడదు. గుడ్డని మెలిపెట్టడమంటే అంతటా ఐమూలగా లాగడమే. ఒక మూల పట్టి తీగకి వేలాడదీయకూడదు, నీటి బరువే ఐమూలగా లాగుతుంది. చల్లని నీళ్లలో జాడించి, బల్ల మీద పరిచి ఆరబెట్టాలి. మరిగే నీళ్లు అసలే వద్దు. 70, 80 డిగ్రీలు దాటితే పాలియెస్టర్ గొలుసులు మళ్లీ వదులవుతాయి, అప్పుడు పడ్డ మడతలూ వాలూ చల్లారాక గట్టిపడిపోతాయి. మండే ఇస్త్రీపెట్టె ఇంకా ప్రమాదం, రంగు మళ్లీ ఆవిరై పక్క గీతల్లోకి పాకుతుంది. అల్లికగుడ్డ, అంటే టీషర్టు గుడ్డ మీద వేసిన మ్యాపు వద్దే వద్దు. ఉచ్చులు ఉచ్చులుగా ఉండే ఆ దారం ఏ వైపు లాగినా సాగుతుంది, దానికి కర్ణాల పరీక్ష కూడా పూర్తిగా చాలదు.

నేసిన గుడ్డలో ఒక మంచి గుణం ఉంది. దారాలు తిరిగాయే తప్ప పొడవు మారలేదు కాబట్టి వాలిన మ్యాపుని వెనక్కి తేవచ్చు. ఆరిన తరవాత కర్ణాలు కొలిచి, పొట్టి కర్ణం ఏ మూలల మధ్య ఉందో ఆ రెండు మూలలూ పట్టుకుని మెల్లగా లాగండి. మళ్లీ కొలవండి. రెండూ 14.1కి వచ్చేదాకా.