తాతయ్య ఛాతీ మీద ఆ వైర్లు ఏమిటంటే

చిరంజీవులైన మనవలకీ మనవరాళ్లకీ తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవులకి మీరంతా న్యూజెర్సీ వస్తున్నారని తెలిసినప్పటి నుంచి అమ్మమ్మ కాలు ఒకచోట నిలవడం లేదు. నేను చెబుతుంటే ఈ ఉత్తరం రాస్తున్నదీ ఆవిడే. ఇన్నాళ్లూ వీడియో కాల్‌లో మీరు నా ముఖమే చూశారు. ఇక్కడికొచ్చాక నా ఛాతీకి రెండు పక్కలా టేపుతో అతికించిన వైరు చుట్టలు కనిపిస్తాయి. వాటి వైర్లు వీల్‌చైర్ వెనక వేలాడే సంచిలోకి వెళ్తాయి. అవి నాకు ఊపిరి ఆడేలా చేసే డయాఫ్రం పేసర్ అనే పరికరానివి. అదేమిటో ముందే తెలిస్తే మీకు భయం ఉండదు.

మన ఊపిరితిత్తులు వాటంతట అవి ఉబ్బలేవు. వాటి కింద, ఛాతీకీ పొట్టకీ మధ్యలో, డయాఫ్రం అనే పల్చటి కండరం అడ్డంగా పరుచుకుని ఉంటుంది. అది బిగుసుకుని కిందికి దిగితే ఛాతీలో చోటు పెరుగుతుంది. కొలిమి తిత్తి తెరిచినప్పుడు గాలి లోపలికి వచ్చినట్టు, ముక్కులోంచి గాలి దానంతట అదే లోపలికి వస్తుంది. డయాఫ్రం వదులైతే బయటికి పోతుంది. దిగమని చెప్పేది మెదడు అడుగు భాగం. ఆ మాట వెన్నుపాములోంచి మెడ దాకా వచ్చి, అక్కడ 3, 4, 5 నంబర్ల నరాల దగ్గర మొదలయ్యే ఫ్రెనిక్ నరాల మీదుగా డయాఫ్రంకి చేరుతుంది. కుడికొకటి, ఎడమకొకటి.

కారు ప్రమాదంలో నా వెన్నుపాము ఆ నరాలు మొదలయ్యే చోటుకి పైనే, మెడలో రెండో ఎముక దగ్గర దెబ్బతింది. మెదడు బాగుంది, ఫ్రెనిక్ నరాలు బాగున్నాయి, డయాఫ్రం బాగుంది. మధ్యలో దారి తెగింది. కాళ్లూ చేతులూ కదలకపోవడం కూడా అందుకే. గొంతు కింద రంధ్రం చేసి, గొట్టం పెట్టి, వెంటిలేటర్ తగిలించారు.

ఆ వెంటిలేటర్ నా ప్రాణం నిలబెట్టింది. దాని మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ అది గాలిని బయటి నుంచి లోపలికి తోస్తుంది. అదీ ముక్కులోంచి కాదు, మెడలోంచి. ముక్కుకి గాలి తగలకపోతే వాసన తెలియదు, వాసన తెలియకపోతే రుచి సగం పోయినట్టే. అమ్మమ్మ పప్పులో ఇంగువ పోపు పెడితే ఆ చిటపటలు వినపడేవి, అంతే.

కొన్నాళ్లకి డాక్టర్లు మెడ పక్కన కొద్దిపాటి కరెంటు తగిలించి, డయాఫ్రం కదులుతుందో లేదో తెర మీద చూశారు. కదిలింది! ఫ్రెనిక్ నరమే చచ్చిపోయి ఉంటే ఈ వైద్యం నాకు పనికొచ్చేది కాదు. అప్పుడు ఆపరేషన్ చేసి ఒక్కో నరం పక్కన ఒక్కో చిన్న ఎలక్ట్రోడ్, అంటే నరానికి కరెంటు అందించే ముక్క, పెట్టారు. వాటికి కలిపిన రిసీవర్లు చర్మం కింద ఉన్నాయి, ఒక్కోటి రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దది. వాటిలో బ్యాటరీ లేదు. సంచిలోని పెట్టె రేడియో తరంగాలు పంపితే, ఛాతీ మీది చుట్ట వాటిని చర్మం గుండా రిసీవర్‌కి అందిస్తుంది. రిసీవర్ నరాన్ని తడుతుంది, డయాఫ్రం దిగుతుంది. గాలి పీల్చేది నా కండరమే. పిలుపు ఒక్కటే పెట్టెది.

ఈ దారి వేసినవాళ్లలో ముఖ్యుడు విలియం గ్లెన్ అనే గుండె సర్జన్. 1960లలో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో దీని మీద పనిచేశారు. ఇంకో రకం కూడా ఉంది. సూపర్‌మ్యాన్ వేషం వేసిన నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీంచి పడి నాలాగే మెడ విరిగి మంచాన పడ్డారు. 2003లో క్లీవ్‌లాండ్‌లో ఆయనకి పొట్టలోంచి వెళ్లి డయాఫ్రంలోకే సన్నటి తీగలు గుచ్చారు.

పెట్టె ఆన్ చేసిన రోజునే వెంటిలేటర్ తీసేశారనుకోకండి. ముందు గాయం మానాలి, దానికే నెల దాటింది. ఈలోగా పని లేక నా డయాఫ్రం చిక్కిపోయింది. అందుకని మొదట్లో గంటకి కొన్ని నిమిషాలే నడిపారు. ఇంకాసేపు, ఇంకాసేపు అని నేను పోరుపెట్టేవాణ్ణి. తొందరపడితే కండరం అలిసిపోతుందని, అలిస్తే మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వస్తుందని థెరపిస్టు ఒప్పుకునేది కాదు. ఆవిడ మాటే కరెక్టు. నెలల తరబడి కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్లాక పగలంతా పెట్టె మీదే ఉండగలిగాను. ఒక సాయంత్రం గొంతు గొట్టానికి మూత పెట్టుకుని కూర్చుంటే వంటింట్లోంచి ఇంగువ వాసన వచ్చింది. "పోపు మాడుతోంది" అని కేకేశాను. అమ్మమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. ఆవిడ ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది.

మాట్లాడేటప్పుడు ఒకటి గమనిస్తారు. పెట్టె నిమిషానికి 12 సార్లు నరాన్ని తడుతుంది, అంటే 5 సెకన్లకోసారి. గాలి లోపలికి వెళ్లే ఆ సెకను, సెకనున్నర నా నోట మాట రాదు. వాక్యం మధ్యలోనే ఆగిపోతాను. అది కోపం కాదు, మర్చిపోవడమూ కాదు. కాస్త ఆగండి, మిగతా సగం వస్తుంది. నవ్వినా నిద్రపోయినా దాని లెక్క అదే. దగ్గు మాత్రం దాని వల్ల కాదు. దగ్గడానికి పొట్ట కండరాలు కావాలి, నావి పనిచేయవు. అందుకే మెడ దగ్గర గొట్టం ఇంకా ఉంచారు. దాంట్లోంచి కఫం లాగేటప్పుడు చప్పుడుకి మీరు జడుసుకోవచ్చు, నాకైతే హాయిగా ఉంటుంది.

మీ ఈడు పిల్లల్లో కూడా కొందరికి ఈ పరికరం ఉంటుంది. పుట్టుకతోనే, నిద్రపడితే ఊపిరి తీసుకోమని మెదడు చెప్పని జబ్బు ఒకటుంది. కొందరికి మెలకువలోనూ అంతే. దాని వెనకున్న జన్యువుని 2003లో కనిపెట్టారు, పేరు ఫాక్స్2బి. అలాంటి పిల్లల్లో కొందరు పగలు ఈ పెట్టె చిన్న బ్యాగులో తగిలించుకుని బడికెళ్లి, రాత్రి వెంటిలేటర్ మీద పడుకుంటారు. మీ క్లాసులో అలాంటి స్నేహితుడు తగిలితే మామూలుగా ఆటకి పిలవండి.

మనవాళ్లు ఫోన్ చేసి ఆస్తమాకి ఇది పెట్టించుకోవచ్చా అని అడుగుతుంటారు. పనికిరాదు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుకి వాడి చూశారు గానీ, బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో ఇది పెట్టినవాళ్లు ఇంకా త్వరగా చనిపోయారని 2015లో తేలింది. నాకు మంచిదైంది కదా అని అందరికీ చెప్పే మనిషిని కాను.

ఇక మీ పని. ఛాతీ మీద మార్కర్ గీతలు ఉంటాయి, చుట్ట సరిగ్గా ఆ గీతల మధ్యే ఉండాలి. జరిగితే ఆ పక్క ఊపిరి తగ్గుతుంది. మీరు సర్దొద్దు, వెంటనే అమ్మమ్మని గట్టిగా పిలవండి. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే క్లిప్పు నా వేలికి ఉంటుంది, దాంట్లో నంబరు 90 కిందికి పడినా అంతే. కరెంటు పోతే కంగారు లేదు, పెట్టె బ్యాటరీ మీదే నడుస్తుంది. వైర్ల మీద నీళ్లు పోయకూడదు, ఒళ్లో కూర్చున్నప్పుడు లాగకూడదు. ఒళ్లో మాత్రం తప్పకుండా కూర్చోవాలి.

బయటికి ఎక్కడికెళ్లినా రెండో పెట్టె, బ్యాటరీలు, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ ఉన్న నీలం సంచి మనతో రావాలి. దాన్ని మోసే డ్యూటీ ఏ రోజు ఎవరిదో విమానంలోనే తేల్చుకుని రండి.

ఇట్లు,
మీ తాతయ్య