బడ్జెట్‌లో పెట్టారు కదా, డబ్బెందుకు పడలేదు? రాష్ట్ర ఖజానాపై అపోహలు - వాస్తవాలు

ఖజానా శాఖలో పనిచేస్తానని తెలిస్తే చాలు, పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి టీవీ చర్చలో విన్నదంతా నా మీద ప్రయోగిస్తారు. తెలంగాణలో నాకు ఎక్కువగా ఎదురయ్యే మాటలివి. ఆంధ్రలోనూ వరస దాదాపు ఇదే.

అపోహ: "మేం ఇన్‌కమ్ టాక్స్ కడుతుంటే రాష్ట్రం పథకాలకు పంచిపెడుతోంది."

వాస్తవం: ఆదాయపు పన్ను వసూలు చేసేది కేంద్రం. మాదాపూర్‌లో నెలకు రెండు లక్షలు తీసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతంలోంచి రాష్ట్రానికి నేరుగా వచ్చేది వృత్తి పన్ను, నెలకు 200 రూపాయలు. 25 వేల జీతం ఉన్న అటెండరూ అదే 200 కడతాడు. ఏడాదికి 2,500 మించి వసూలు చేయడానికి రాజ్యాంగంలోని 276వ అధికరణం ఒప్పుకోదు. 1988 నుంచి ఆ పరిమితి మారలేదు. రాష్ట్రం సొంతంగా రాబట్టుకునేది ఎక్కువగా ఎస్‌జీఎస్టీ (జీఎస్టీలో రాష్ట్రం భాగం), పెట్రోలు-డీజిల్ వ్యాట్, మద్యం, రిజిస్ట్రేషన్లు, బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ టాక్స్ నుంచి. సబ్బు బిళ్ల కొన్న కూలీ మనిషీ, క్వార్టర్ సీసా కొన్న ఆమె మొగుడూ ఇందులో ఉన్నారు. "ఉచితాలు తీసుకునేవాళ్లు పన్ను కట్టరు" అనేవాళ్లు ఒకసారి మద్యం మీద వచ్చే ఎక్సైజ్ ఆదాయం చూడాలి.

అపోహ: "కేంద్రం వసూలు చేసిన దాంట్లో 41 శాతం మనకే వస్తుంది."

ఆ 41 శాతం రాష్ట్రాలన్నిటికీ కలిపి. కేంద్ర పన్నుల్లో ఏ రాష్ట్రానికి ఎంతో తేల్చేది ఆర్థిక సంఘం. 15వ ఆర్థిక సంఘం లెక్కలో (2021-26) అందులో తెలంగాణ వాటా 2.102 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 4.047 శాతం. పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు అసలు పంపకంలోకే రావు. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజ్ సుంకం 21.90 రూపాయలుంటే, అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన ప్రాథమిక సుంకం 1.40 మాత్రమే ఉండేది. అలాగని రాష్ట్రాన్ని చూసి జాలిపడక్కర్లేదు. అదే పెట్రోలు మీద తెలంగాణ వ్యాట్ 35.2 శాతం.

అపోహ: "బడ్జెట్‌లో పెట్టారంటే డబ్బు ఉన్నట్టే."

వాస్తవం: నన్నడిగితే అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే. 2025-26 తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు. తెచ్చుకోబోయే అప్పు కూడా ఆ అంకెలోనే ఉంది. అసెంబ్లీ ఇచ్చేది ఖర్చు పెట్టుకోవడానికి అనుమతి, అంతే. ఆ తర్వాత ఆర్థిక శాఖ నుంచి బీఆర్వో, అంటే నిధుల విడుదల ఉత్తర్వు రావాలి. డీడీవో, అంటే ఆ ఆఫీసు తరఫున డబ్బు డ్రా చేసే అధికారి, బిల్లు పెడతారు, మా దగ్గర టోకెన్ నంబరు పడుతుంది, ఆడిట్ చేసి పాస్ చేస్తాం. అక్కడి నుంచి రిజర్వ్ బ్యాంక్ వారి చెల్లింపుల వ్యవస్థ ఈ-కుబేర్ ద్వారా ఖాతాలో పడాలి. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు, అప్పుల కిస్తీలు పోగా చేతిలో మిగిలిన నగదును బట్టే మిగతా బిల్లులు కదులుతాయి.

రిటైరైన మాస్టారు ఒకరు మెడికల్ రీయింబర్స్‌మెంట్ టోకెన్ నంబరు చీటీ మీద రాసుకొచ్చి, "సార్, ఇంతకీ మీరు పాస్ చేశారా, లేదా?" అని అడిగారు. చేశాం. స్క్రీన్ ఆయన వైపు తిప్పి చూపించాను కూడా. కానీ డబ్బు పడలేదు. ఈలోగా మార్చి 31 దాటితే బిల్లు ల్యాప్స్ అయి, మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. ఆయనకు సంబంధించినంతవరకూ బడ్జెట్ ప్రసంగంలో చదివిన అంకెకు విలువ లేదు.

బడ్జెట్ పుస్తకంలో కొత్త ఏడాది అంచనా పక్కనే నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, అంతకు ముందటి ఏడాది వాస్తవ లెక్క ఉంటాయి. టీవీ చర్చంతా మొదటిదాని మీదే. ప్రభుత్వం ఏ పార్టీదైనా సరే, ముందు ఆ మూడో అంకె చూడండి.

అపోహ: "ఆరోగ్యశ్రీ 10 లక్షలైంది, ఇక వైద్యం ఖర్చుకు బెంగ లేదు."

తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. క్యాన్సర్, గుండె జబ్బుల్లాంటి వాటికి అది నిజంగానే పనికొస్తుంది. అయితే ఆసుపత్రికి వెళ్లేది పరిమితి మొత్తం కాదు, ఆ చికిత్సకు నిర్ణయించిన ప్యాకేజీ రేటు. పరిమితి రెట్టింపైనంత మాత్రాన రేటు రూపాయి కూడా పెరగదు. ప్రధానంగా ఇది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. నెలనెలా బయట షాపులో కొనే షుగర్, బీపీ మందులకు జేబులోంచే పెట్టుకోవాలి. ఇక బకాయిల సంగతి. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రలో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు చెల్లించాలంటూ సేవలు ఆపేశాయి. అప్పుడు గేటు దగ్గర కార్డు పట్టుకుని నిలబడ్డ రోగికి పరిమితి 5 అయినా 10 అయినా ఒకటే.

అపోహ: "విద్యకు వేల కోట్లు ఇస్తున్నా బడులు బాగుపడటం లేదు."

ఆ కోట్లలో సింహభాగం టీచర్ల జీతాలే, అది దుబారా కాదు. బడికి రోజువారీ ఖర్చులకు దొరికేది సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద వచ్చే గ్రాంటు: 30 మందిలోపు పిల్లలుంటే ఏడాదికి 10 వేలు, 100 మంది వరకూ 25 వేలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్నా చితకా రిపేర్లు అన్నీ అందులోనే. అదీ విడతలుగా. మొదటి విడత వచ్చేలోపు హెడ్‌మాస్టర్ సొంత డబ్బు పెట్టుకోవడం మామూలే.

అపోహ: "జీఎస్‌డీపీ (రాష్ట్ర మొత్తం ఉత్పత్తి విలువ) పెరిగితే ఖజానా నిండుతుంది."

వాస్తవం: వృద్ధి ఏ రంగంలో వచ్చిందన్నది ముఖ్యం. తెలంగాణ ఉత్పత్తిలో దాదాపు మూడింట రెండు వంతులు సేవలదే. సాఫ్ట్‌వేర్ ఎగుమతి మీద జీఎస్టీ సున్నా, కంపెనీ లాభం మీద పన్ను ఢిల్లీకి పోతుంది. టర్నోవర్ రెట్టింపైనా రాష్ట్రానికి నేరుగా దక్కేది తక్కువే. అందులో పనిచేసే అమ్మాయి కారు కొన్నప్పుడో, ఫ్లాట్ కొని స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కట్టినప్పుడో మనదాకా వస్తుంది. అందుకే రియల్ ఎస్టేట్ డీలా పడిందంటే మా ఆఫీసుల్లో టెన్షన్ మొదలవుతుంది. రాష్ట్రానికి నెలనెలా నిజంగా ఎంత వచ్చిందో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. అందులో స్టాంపులు, రిజిస్ట్రేషన్ల వరస ఒకటి ఉంటుంది. జీఎస్‌డీపీ కంటే ముందు నేను చూసేది దాన్నే.