ఏళ్ళ తర్వాత మళ్ళీ వ్యాయామం: ఒంట్లో ఏది ఎప్పుడు కోలుకుంటుంది

ఒకప్పుడు బాగా ఆడినవాళ్ళు, పరిగెత్తినవాళ్ళు, పదేళ్ళో పదిహేనేళ్ళో కుర్చీకే అతుక్కుపోయి, బరువు బాగా పెరిగాక ఒక రోజు గట్టిగా నిర్ణయించుకుని మళ్ళీ మొదలుపెడతారు. మొదటి రోజే పాత రోజుల్లో చేసినంత చేసేస్తారు. రెండు రోజులు మెట్లు దిగలేరు. మూడు వారాలు పళ్ళ బిగువున లాక్కొచ్చి బరువు మెషీన్ ఎక్కితే అరకిలో పెరిగి కనిపిస్తుంది. ఐదో వారంలో మడమో మోకాలో పట్టేస్తుంది. అక్కడితో ఆగిపోయి, నాకు పట్టుదల లేదు అని తమని తామే తిట్టుకుంటారు. నేనూ ఇలా రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు ఆపేశాను, ఆ నిరుత్సాహం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

కానీ ఇందులో పట్టుదల పాత్ర మనం అనుకునేంత లేదు. ఒంట్లో ఒక్కో భాగం ఒక్కో వేగంతో కోలుకుంటుంది. రక్తం, గుండె రోజుల్లో స్పందిస్తాయి, కండరాలకు వారాలు పడుతుంది, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకు నెలలు పడుతుంది, కొవ్వు కరగడం కూడా నెలల పనే. మనం ఏం చేస్తామంటే అన్నిటికన్నా ముందు కోలుకున్నదాన్ని చూసి వేగం పెంచేస్తాం, అన్నిటికన్నా వెనక కదిలేదాన్ని చూసి ఫలితం లేదని మానేస్తాం.

ముందుగా ధైర్యం చెప్పే విషయం ఒకటి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో, ఇరవై ఏళ్ళ వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకుల్ని మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టి పరీక్షించారు. శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదు అన్నదే మన దమ్ముకి సరైన కొలత, అది ఆ మూడు వారాల్లో సుమారు 27 శాతం పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1996లో, అదే ఐదుగురిని మళ్ళీ పిలిచి చూశారు. యాభై ఏళ్ళు వచ్చాయి, బరువు పెరిగారు, ఒంట్లో కొవ్వు 14 శాతం నుంచి 28 శాతానికి చేరి రెట్టింపైంది. అయినా ముప్ఫై ఏళ్ళ వయసు తగ్గించిన దమ్ము, ఆ మూడు వారాల మంచం తగ్గించినదానికన్నా తక్కువే! ఆ తర్వాత వాళ్ళకి ఆరు నెలల పాటు నడక, నెమ్మది పరుగు, సైకిల్‌తో మెల్లమెల్లగా పెంచుకుంటూ వెళ్ళే కార్యక్రమం ఇస్తే, సగటున చూస్తే ఇరవై ఏళ్ళ వయసులో పరీక్ష మొదలవక ముందు ఎంత దమ్ము ఉందో అంతకి తిరిగొచ్చారు. ఐదుగురే కదా అంటే నిజమే, చిన్న అధ్యయనం. కానీ ఒకే మనుషుల్ని ముప్ఫై ఏళ్ళ దూరంలో రెండుసార్లు కొలవడం చాలా అరుదు, అందుకే దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. వయసు మీద పడిందని మనం అనుకునేదాంట్లో చాలా భాగం నిజానికి కదలకపోవడం వల్ల వచ్చింది.

అలాగే, ముప్ఫై దాటితే మెటబాలిజం, అంటే ఒంట్లో శక్తి ఖర్చయ్యే వేగం, పడిపోతుంది అనే మాట ఎంతమంది నోట వినలేదు? 2021లో 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషుల లెక్కలు, పుట్టి వారం దాటిన పసిపిల్లల నుంచి 95 ఏళ్ళ వృద్ధుల దాకా, ఒకచోట చేర్చి చూశారు. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ళ మధ్య శక్తి ఖర్చు దాదాపు సమానంగానే ఉంది.

ఇక మొదటి రెండు వారాల్లో ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. వ్యాయామం మానేసిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా, తగ్గడం మొదలవుతుంది. మళ్ళీ కదలడం మొదలుపెడితే అంతే త్వరగా పెరుగుతుంది. రక్తం పరిమాణం పెరిగితే గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపగలదు, కాబట్టి అదే పనికి తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. పదో రోజుకో పదిహేనో రోజుకో అవే మెట్లు ఎక్కినా ఆయాసం తగ్గినట్టు అనిపించడానికి ఇదొక పెద్ద కారణం. ఆ తర్వాత వారాల్లో కండరాల్లోని మైటోకాండ్రియా పెరుగుతాయి. కణంలో ఆక్సిజన్‌తో కొవ్వునీ చక్కెరనీ మండించి శక్తి తీసేవి ఇవే. రోజూ పరిగెత్తించిన ఎలుకల కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైములు సుమారు రెట్టింపవుతాయని 1967లోనే తేలింది.

ఇదంతా మంచి వార్తే, కానీ చాలామంది దెబ్బ తినేది కూడా సరిగ్గా ఇక్కడే. మూడో వారానికి ఊపిరి బాగుంటుంది, ఉత్సాహం వస్తుంది, నడక పరుగు అవుతుంది, పరుగు కాస్తా వేగం అవుతుంది. టెండన్ మాత్రం ఇంకా కుర్చీలో కూర్చున్న మనిషి టెండనే. దానిలో కణాలు తక్కువ, రక్త ప్రసరణ తక్కువ, అందుకే బరువుకి తగ్గట్టు గట్టిపడడానికి దానికి రెండు మూడు నెలలు కావాలి. దీని గురించి తెలిసిన ఒక సంగతి నన్ను చాలా ఆశ్చర్యపరిచింది. 1950లు, 60లలో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో రేడియో కార్బన్ బాగా పెరిగి, తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. కాబట్టి ఒక కణజాలంలో ఆ కార్బన్ ఎంత ఉందో కొలిస్తే అది ఏ కాలంలో తయారైందో చెప్పొచ్చు. డెన్మార్క్ పరిశోధకులు 2013లో ఈ పద్ధతితో మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్‌ని పరిశీలిస్తే, దాని లోపలి భాగం సుమారు 17 ఏళ్ళ వయసుకి తయారైపోయి, ఆ తర్వాత దాదాపుగా మారడమే లేదని తేలింది. మీ మడమ వెనక ఉన్న తాడు మీ టీనేజ్ నాటిది! దాన్ని మార్చలేం, కానీ మెల్లగా అలవాటు చేస్తే అది బరువు మోయడం నేర్చుకుంటుంది. పొద్దున లేవగానే మొదటి నాలుగు అడుగులు మడమ బిగుసుకుపోయి నొప్పిగా ఉంటే దాన్ని పట్టించుకోండి. నేను పట్టించుకోలేదు, నాలుగు నెలలు పోయాయి. దూరం, వేగం రెండూ ఒకే వారంలో పెంచకపోవడం నేను అప్పుడు నేర్చుకున్నాను.

మొదటి రోజు తర్వాత వచ్చే ఒళ్ళు నొప్పులు వేరు. అవి 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి వాటంతట అవే పోతాయి. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని ఇప్పటికీ చెబుతుంటారు, కానీ వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది, మర్నాటి నొప్పికి అది కారణం కాలేదు. కండరం సాగుతూ బరువు మోసినప్పుడు, అంటే మెట్లు దిగడం, వాలులో దిగడం, బరువుని మెల్లగా కిందికి దించడం లాంటివి చేసినప్పుడు, దాని సన్నని నిర్మాణాలు కొన్ని చిట్లి, దాని చుట్టూ వాపు వస్తుంది. ఆ నొప్పికి మూలం అది. ఇందులో మనకి పనికొచ్చే విషయం ఏమిటంటే, చాలా కొంచెం చేసినా సరే, ఆ ఒక్కసారి చేసినది కొన్ని వారాల వరకు కండరాన్ని కాపాడుతుంది, రెండోసారి అదే పని చేస్తే నొప్పి చాలా తగ్గిపోతుంది. కాబట్టి మొదటి రోజు 10 గుంజీళ్ళు తీస్తే చాలు, 100 తీయాల్సిన పనేమీ లేదు. ఎక్కువ చేసిన తర్వాత నొప్పి భరించలేనంతగా ఉండి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అది కండరాల కణాలు పెద్దఎత్తున పగిలి వాటి ప్రోటీన్ కిడ్నీల మీద పడుతోందనే సూచన. ఏళ్ళ తర్వాత వచ్చి మొదటి రోజే ఒళ్ళు మరిచి చేసేవాళ్ళలో ఇది నిజంగా జరుగుతుంది.

ఒకప్పుడు చేసినవాళ్ళకి ఒక అదనపు లాభం కూడా ఉండొచ్చు. కండర కణం పెద్దదవ్వాలంటే దానిలో కొత్త కేంద్రకాలు, అంటే డీఎన్ఏ ఉండి కణాన్ని నడిపే భాగాలు, చేరతాయి. 2010లో ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలుకల్లో చూసింది ఏమిటంటే, ఆ తర్వాత కండరం చిక్కిపోయినా ఆ కేంద్రకాలు మాత్రం పోవడం లేదు, కాబట్టి రెండోసారి కండరం త్వరగా పెరగొచ్చు. మనుషుల్లో ఇది ఎంతవరకు నిజమో ఇంకా చర్చ నడుస్తోంది. 2018లో ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎనిమిది మందికి ఏడు వారాలు బరువుల వ్యాయామం చేయించి, ఏడు వారాలు ఆపించి, మళ్ళీ చేయించి చూస్తే, డీఎన్ఏ మీద ఉండే రసాయన గుర్తులు కొన్ని ఆపిన కాలంలో కూడా నిలిచే ఉన్నాయి. అయితే అసలెప్పుడూ వ్యాయామం చేయనివాళ్ళు దీనికి బాధపడక్కర్లేదు. 1990లో సగటున 90 ఏళ్ళున్న, వృద్ధాశ్రమంలో ఉంటున్న బలహీనమైన కొద్దిమందితో ఎనిమిది వారాలు కాళ్ళకి బరువుల వ్యాయామం చేయిస్తే వాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది.

ఇప్పుడు బరువు మెషీన్ సంగతి. మొదటి మూడు వారాల్లో అది చెప్పేదాన్ని దయచేసి మనసుకి తీసుకోకండి. ప్లాస్మా పెరిగింది, అంటే నీరు. కండరాలు గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వని పెంచుకుంటాయి, దాని ఒక్కో గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. నొప్పి పుట్టిన కండరంలో వాపు, అదీ నీరే. కొవ్వు కొంచెం తగ్గినా ఈ నీటి కింద కనిపించదు. చెమట విషయంలో దీనికి తలకిందులుగా మోసపోతాం. బాగా చెమట పట్టిందని సంతోషపడతాం, కానీ చెమటలో పోయేది నీళ్ళు, తాగగానే తిరిగొస్తాయి. 10 కిలోల కొవ్వు పూర్తిగా మండితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితో బయటికి పోతాయి, మిగిలిన 1.6 కిలోలు నీరవుతాయి. కొవ్వు ప్రధానంగా ముక్కు నుంచే వెళ్ళిపోతుంది.

ఇంకో నిజం కాస్త కష్టంగా ఉన్నా చెప్పాలి. ఒంట్లోని ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. 70 కిలోల మనిషి ఒక గంట చురుగ్గా నడిస్తే, కూర్చుని ఉన్నప్పటికన్నా అదనంగా ఖర్చయ్యేది దాదాపు 180 నుంచి 200 క్యాలరీలు. అంటే కిలో తగ్గడానికి నలభై గంటల నడక. పైగా శరీరం ఊరుకోదు, వ్యాయామంలో ఖర్చయినదాన్ని మిగతా పనుల్లో కొంత పొదుపు చేసుకుంటుంది. టాంజానియాలో వేట మీద, సేకరణ మీద బతికే హాడ్జా ప్రజలు రోజంతా ఎంతో నడుస్తారు, అయినా 2012లో కొలిచి చూస్తే, శరీర పరిమాణం సరిచేశాక, వాళ్ళ రోజువారీ శక్తి ఖర్చు అమెరికా, యూరప్ వాళ్ళతో దాదాపు సమానంగా ఉంది. కండరం పెరిగితే నిద్రలో కూడా బోలెడు క్యాలరీలు కరుగుతాయనే మాటలోనూ అంత బలం లేదు. ఒక కిలో కండరం విశ్రాంతిలో రోజుకి 13 క్యాలరీలు ఖర్చు పెడుతుంది, అంతే.

మరి ఎందుకు చేయాలి? బరువు తగ్గించే పనిలో ఎక్కువ భాగం ఆహారానిది, ఒప్పుకుందాం. కానీ తిండి మాత్రమే తగ్గించి బరువు తగ్గితే, తగ్గినదాంట్లో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిది, ముఖ్యంగా కండరం, పోవచ్చు. వారానికి రెండుసార్లు బరువుల వ్యాయామం చేస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది. పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరే కొవ్వు, గుండెకీ షుగర్ జబ్బుకీ ఎక్కువ సంబంధం ఉన్న కొవ్వు, బరువు కదలకపోయినా వ్యాయామంతో తగ్గగలదు. అందుకే నడుము చుట్టూ టేపు పెట్టి కొలవమని చెబుతాను. కండరం కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరని లోపలికి లాక్కుంటుంది, ఇన్సులిన్‌కి బాగా స్పందించే గుణం ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా ఆపడంలో వ్యాయామం చాలా గట్టిగా నిలబడుతుంది. బరువు తగ్గి అలాగే ఉండగలిగినవాళ్ళ వివరాలు అమెరికాలో 1994లో సేకరించడం మొదలుపెట్టారు, వాళ్ళలో ఎక్కువమంది సగటున రోజుకి గంటసేపు కదులుతున్నారు. మోకాళ్ళకి కూడా మేలే: తగ్గిన ఒక్కో కిలోకి అడుగు అడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

గుండె గురించి ఒక హెచ్చరిక. 1993లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, వారానికి ఒక్కసారి కూడా గట్టిగా శ్రమించనివాళ్ళు హఠాత్తుగా బాగా శ్రమిస్తే ఆ తర్వాతి గంటలో గుండెపోటు ప్రమాదం మామూలుకన్నా వంద రెట్లకు పైగా పెరిగింది, వారానికి ఐదుసార్లు చేసేవాళ్ళలో రెండున్నర రెట్లు కూడా లేదు. ఏ ఒక్క గంటలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం చాలా చిన్నది కాబట్టి ఆ అంకె చూసి భయపడి కూర్చోవద్దు, కానీ నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు, ఛాతీ నొప్పి ఎప్పుడైనా వచ్చినవాళ్ళు గట్టి వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టర్ని కలవాలి. మిగతావాళ్ళకి వేగం చూసుకోవడానికి వాచీ కూడా అక్కర్లేదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం చాలు.

మూడోసారి నేను రోజుకి పదిహేను నిమిషాల నడకతో మొదలుపెట్టాను, రెండు వారాలకోసారి ఐదు నిమిషాలు పెంచాను, మూడో నెల దాకా పరుగు జోలికి వెళ్ళలేదు. ఊపిరి ఇంకా చేయగలనంటున్నా ఆగిపోవడం నిజంగా కష్టమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాలు, నేను అక్కడికి మెల్లగానే చేరాను. మధ్యలో జ్వరం వచ్చి పది రోజులు పడుకున్నాను, అంతా పోయిందని టెన్షన్ పడ్డాను. నిజానికి పది రోజుల్లో పోయేది ఎక్కువగా ప్లాస్మానే, కండరాల బలం రెండు మూడు వారాల దాకా పెద్దగా తగ్గదు. జ్వరం తగ్గాక అంతకుముందు చేసినదాంట్లో సగంతో మొదలుపెట్టాను, పన్నెండో రోజుకి పాత నిమిషాలకి వచ్చేశాను.