సుంకం రాయితీ రద్దయితే సరుకు ఆగిపోతుందా?

మానవ హక్కుల ఉల్లంఘనలపై యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఒక పేద దేశానికి సుంకం రాయితీ తీసేస్తోందని వార్త వస్తే చాలు, అక్కడి ఎగుమతిదారులూ కుట్టు కార్మికులూ అడిగేది ఒకటే: ‘ఇక మన సరుకు అక్కడికి వెళ్లదా?’ ఆ భయం అర్థమవుతుంది. దాన్ని పెంచే పుకార్లే భరించలేం.

అపోహ: రాయితీ పోతే ఎగుమతులు బంద్, అదీ రాత్రికి రాత్రే.

వాస్తవం: సరుకు వెళ్తుంది, సుంకం పడుతుంది. కంబోడియా సంగతే చూడండి. విచారణ 2019 ఫిబ్రవరిలో మొదలైంది. నిర్ణయం 2020 ఫిబ్రవరి 12న వెలువడి, ఆగస్టు 12న అమలైంది. అంటే ఏడాదిన్నర. రాయితీ పోయింది కూడా కొన్ని రకాల దుస్తులు, పాదరక్షలు, ప్రయాణ సంచులు, చక్కెరకే. విలువలో చూస్తే ఆ దేశం ఈయూకి పంపే సరుకులో దాదాపు 20 శాతం. శ్రీలంకకు జీఎస్పీ ప్లస్ (అంతర్జాతీయ ఒప్పందాలు పాటించే వర్ధమాన దేశాలకు ఈయూ ఇచ్చే అదనపు సుంకం రాయితీ) 2010 ఆగస్టులో పోయి, 2017 మేలో తిరిగొచ్చింది.

అసలు నష్టం అమలుకు ముందే జరుగుతుంది. విచారణ మొదలైందని వినగానే బయ్యర్ ‘రేపు 12 శాతం సుంకం కట్టాలి, ఇప్పుడే ధర తగ్గించండి’ అంటాడు. ఇంకా పడని సుంకానికి భయపడి ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెడితే ఆ కోత చివరికి ఓవర్‌టైమ్ మీద, కుట్టు కూలి మీద పడుతుంది. ఎవరి హక్కుల కోసం విచారణ మొదలైందో వాళ్లే ముందుగా నష్టపోతారు.

సంతకానికి ముందు మీ హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే అంకెల సంకేతం) రద్దు జాబితాలో ఉందో లేదో చూడండి. జాబితాలో ఒకచోట నాలుగంకెల శీర్షిక మొత్తం ఉంటే, మరోచోట ఆరంకెల ఉపశీర్షిక ఒక్కటే ఉంటుంది. తర్వాత లెక్క వేయండి. ఈయూలో సుంకం వేసేది సరిహద్దు దాకా అయ్యే రవాణా, బీమా కలిపిన విలువ మీద. లక్ష యూరోల దుస్తులకు ఆ ఖర్చు 4 వేలయితే 12 శాతం చొప్పున సుంకం 12,480 యూరోలు. రేటును సాధారణంగా తేల్చేది అక్కడ కస్టమ్స్ డిక్లరేషన్‌ను అంగీకరించిన రోజు, ఓడ కదిలిన రోజు కాదు. దారిలో ఉన్న సరుకుకు మినహాయింపు ఉందేమో ఆ ఉత్తర్వులోనే చదవండి. కాంట్రాక్టు ఎఫ్ఓబీ (సరుకు ఓడ ఎక్కించేదాకానే మీ బాధ్యత) అయితే సుంకం కట్టేది బయ్యర్, డీడీపీ (సుంకంతో సహా బయ్యర్ చేతికి చేర్చే బాధ్యత మీది) అయితే మీరే. ఈ ఒక్క మాట చూసుకోక మునిగేవాళ్లున్నారు.

అపోహ: 2013లో అమెరికా తన సుంకం రాయితీ పథకం జీఎస్పీని ఆపడంతో బంగ్లాదేశ్ దుస్తులకు రాయితీ పోయింది.

వాస్తవం: ఆ దుస్తులకు అమెరికా జీఎస్పీలో అసలు రాయితీయే లేదు. రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక తీసుకున్న చర్య అది. తగిలింది మాత్రం ఇతర సరుకులకు.

అపోహ: మానవ హక్కులు, కార్మిక హక్కుల వంటి ఒప్పందాల మీద సంతకం పెడితే జీఎస్పీ ప్లస్ ఖాయం.

వాస్తవం: 27 అంతర్జాతీయ ఒప్పందాలను ఆమోదించడం మొదటి మెట్టు. ఆ తర్వాత అమలు మీద నిఘా ఉంటుంది.

అపోహ: సుంకం రాయితీ సంగతి అలా ఉంచితే, పేద దేశాలకిచ్చే సాయం డబ్బు పూర్తిగా ఇచ్చే ప్రభుత్వం ఇష్టం, అడిగేవాళ్లుండరు.

వాస్తవం: మలేసియా పెర్గావ్ ఆనకట్టకు బ్రిటన్ ఇచ్చిన సాయానికీ ఆయుధాల అమ్మకానికీ ఉన్న లంకె బయటపడి దుమారం రేగింది. ఆ సాయం చట్టవిరుద్ధమని 1994లో బ్రిటన్ హైకోర్టే తీర్పిచ్చింది.