పెళ్ళికొడుకు పార్టీ: అపోహలు - వాస్తవాలు

"అన్నా, మావాడికి బ్యాచిలర్ పార్టీ పెట్టాలి. వాళ్ళ నాన్నకి మాత్రం తెలియకూడదు."

సీజన్ మొదలైందంటే ఇలాంటి ఫోన్లు రోజూ వస్తాయి. విజయవాడలో పదమూడేళ్ళుగా పెళ్ళి పనులు చేయిస్తున్నాను. మన పెళ్ళిళ్ళతో పాటు అల్లుడు బెంగాలీ అయినవీ, కోడలు జర్మనీ అమ్మాయి అయినవీ చూశాను. ఈ పార్టీ గురించి నేను తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: పెళ్ళికొడుక్కి పార్టీ మన అలవాటు కాదు, ఇంగ్లీషువాళ్ళది.

వాస్తవం: పేరు మాత్రం వాళ్ళదే. పెళ్ళికొడుకుని చేసిన రోజు గుర్తు తెచ్చుకోండి. పీట మీద కూర్చోబెట్టి, తలకి నూనె అంటి, నలుగు పెడతారు. వదినలూ మరదళ్ళూ చెవుల్లో కూడా పసుపు కూరేస్తారు. స్కాట్లాండ్ ఈశాన్యంలో, అబర్డీన్ చుట్టుపక్కల ఊళ్ళలో, 'బ్లాకెనింగ్' అని ఒకటుంది. మసి, పిండి, ఈకలు, మన బెల్లప్పాకంలా నల్లగా జిగటగా ఉండే ట్రీకిల్, అన్నీ కలిపి ఒంటినిండా పూసి, ట్రక్కు వెనక ఎక్కించి, గిన్నెలు వాయిస్తూ ఊరంతా తిప్పుతారు. పెళ్ళికూతురినీ వదలరు. మంగళూరు, గోవా క్యాథలిక్కులు 'రోస్' రోజున కొబ్బరిపాలు రాస్తారు. మనం పూసి కడిగేస్తాం, స్కాట్లాండ్‌వాళ్ళు పూసి ఊరేగిస్తారు, అంతే తేడా.

కాశీయాత్ర కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఫొటోల కోసం పెట్టిన తమాషా అనుకుంటారు గానీ, అది స్నాతకం తర్వాత, అంటే బ్రహ్మచర్యం ముగిశాక వచ్చే ఘట్టం. గొడుగు, చేతికర్ర, పాదుకలతో పెళ్ళికొడుకు కాశీకి బయల్దేరతాడు. బావమరిది గడ్డం కింద బెల్లంముక్క పెట్టి బతిమాలి వెనక్కి తెస్తాడు. అన్ని ఇళ్ళలోనూ చేయరు, బ్రాహ్మణ, వైశ్య కుటుంబాల్లో ఎక్కువ. మొన్న ఒక పెళ్ళిలో బావమరిదికి తొమ్మిదేళ్ళు. బెల్లంముక్క తనే నోట్లో వేసుకుని, "బావా, ఎండగా ఉంది, లోపలికి వచ్చెయ్" అన్నాడు. పంతులుగారు నవ్వాపుకోలేక తర్వాతి మంత్రం మర్చిపోయారు.

అపోహ: బ్యాచిలర్ పార్టీ అంటే ఎక్కడైనా మందు, డాన్సర్లు.

వాస్తవం: ఆ బొమ్మ ఎక్కువగా అమెరికా నుంచి వచ్చింది. 1896 డిసెంబరులో న్యూయార్క్‌లోని షెర్రీస్ రెస్టారెంట్‌లో, సర్కస్ యజమాని బార్నమ్ కుటుంబానికి చెందిన హెర్బర్ట్ సీలీ తన సోదరుడి పెళ్ళి ముందర డిన్నర్ ఇచ్చాడు. 'లిటిల్ ఈజిప్ట్' అనే డాన్సర్‌ని పిలిచారని తెలిసి పోలీసులు దాడి చేశారు. పేపర్లన్నీ దాన్ని వారాల తరబడి రాశాయి.

అందరూ ఆ దారిలో లేరు. బెంగాలీల 'ఐబుడోభాత్'లో గ్లాసులుండవు, కంచం ఉంటుంది. పెళ్ళికాని మనిషిగా తినే చివరి భోజనం అది. వేపుళ్ళు, చేపలు, పాయసం, ఇంటిల్లిపాదీ కొసరి కొసరి వడ్డిస్తారు. మరాఠీల 'కేళ్వణ్' కూడా పెళ్ళికి ముందు బంధువులు పిలిచి పెట్టే భోజనమే. హైదరాబాద్ ముస్లిం ఇళ్ళలో పెళ్ళికి ముందు జరిగే మాంఝా నాడు పసుపు పూస్తారు. కొరియాలో ముచ్చటైన పద్ధతి ఉండేది, ఇప్పుడు తగ్గింది. పెళ్ళికొడుకు స్నేహితులు కానుకల పెట్టె మోసుకుంటూ పెళ్ళికూతురింటికి వస్తారు. మోసేవాడి ముఖానికి స్క్విడ్ అనే సముద్రజీవిని ఎండబెట్టి చేసిన ముసుగు. "పెట్టె కొంటారా?" అని వీధిలో అరుస్తూ, డబ్బులిస్తే గానీ అడుగు ముందుకు వేయరు. మన ఆడపడుచులు గుమ్మం దగ్గర ఆపినట్టే!

అపోహ: అది మగవాళ్ళ పార్టీ. ఖర్చు పెళ్ళికొడుకుదే.

వాస్తవం: కెనడాలో ఒంటారియో వైపు 'స్టాగ్ అండ్ డో' అని అబ్బాయికీ అమ్మాయికీ కలిపి చేస్తారు. టికెట్లు అమ్మి, వచ్చిన డబ్బు జంటకే ఇస్తారు. మన దగ్గర బిల్లు వచ్చేసరికి ఫ్రెండ్సందరికీ ఫోన్లు వస్తాయి!

జర్మనీలో 'పోల్టరాబెండ్' రోజున పెళ్ళికూతురింటి ముందు పింగాణీ పగలగొడతారు, ముక్కలు జంట కలిసి ఊడుస్తుంది. ఇక్కడ చేయిస్తే అబ్బాయి నాయనమ్మ గుండె బాదుకున్నారు, పెళ్ళింట్లో పగిలిన శబ్దమా అని. "గాజు, అద్దం వాళ్ళూ పగలగొట్టరమ్మా, వాళ్ళకీ అపశకునమే" అన్నాక శాంతించి, చివరికి ఒక పాత సాసరు తనూ విసిరారు.

అపోహ: ముందురోజు రాత్రే చేయాలి.

వాస్తవం: వద్దండీ. మన ముహూర్తాలు సగం తెల్లవారుజామునే ఉంటాయి. కనీసం మూడు రోజుల తేడా లేకపోతే నేను ఆ పార్టీ పట్టుకోను. ఒకసారి పట్టుకున్నాను. జీలకర్ర బెల్లం వేళకి పెళ్ళికొడుకుని ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

అపోహ: నలుగు బట్టలు ఉతికితే ఎర్రబడడం అశుభం.

వాస్తవం: ఒక తల్లి తెల్ల బనియన్ పట్టుకుని, "రక్తమండీ!" అని ఏడుస్తూ ఫోన్ చేశారు. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేదీ ఇందుకే. సబ్బు పోయేదాకా జాడించి ఎండలో ఆరేయండి. ఎండకి పసుపు రంగు వెలిసిపోతుంది. ఆవిడ బనియన్‌కి రెండు పూటల ఎండ సరిపోయింది.