లక్షా ముప్పై వేల ఫోనును ఎలా తూచాలి? – పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

లక్ష రూపాయలు దాటిన ఫోనును దాని పోటీ ఫోన్లతో ఎలా పోల్చి చూడాలో వివరంగా రాయమని అడిగారు. మీలో చాలామంది ఇంటర్ ముగించి పై చదువులకు వెళ్లబోతున్నారు, ఇళ్లలో ఈ చర్చ ఎలాగూ వస్తుంది కనుక ఒక నిజమైన ఫోనునే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. అది 2024 జనవరిలో శాంసంగ్ విడుదల చేసిన గెలాక్సీ ఎస్24 అల్ట్రా. నిన్నమొన్న వచ్చినదాన్ని కాక దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది: ప్రకటనల హోరు సద్దుమణిగాకే ఏ వస్తువు గుణదోషాలైనా తేటగా కనబడతాయి.

ఆనాడు దానికి గట్టి పోటీ ఇచ్చినవి ఆపిల్ ఐఫోన్ 15 ప్రో మాక్స్, గూగుల్ పిక్సెల్ 8 ప్రో, వన్‌ప్లస్ 12. మన దేశంలో విడుదలైనప్పుడు అల్ట్రా ప్రారంభ ధర రూ. 1,29,999, ఐఫోన్‌ది రూ. 1,59,900, పిక్సెల్‌ది రూ. 1,06,999, వన్‌ప్లస్‌ది రూ. 64,999. పిక్సెల్ ధర 128 జీబీ స్టోరేజీకి, మిగతా మూడింటి ధర 256 జీబీకి అన్న సంగతి మరవకండి. ఇలాంటి తేడాలు పట్టికల్లో చిన్న అక్షరాల్లో దాగి ఉంటాయి. నేను మీకు చెప్పదలచుకున్నది కూడా ప్రధానంగా ఇదే: ఒకే వరుసలో అచ్చయిన రెండు అంకెలు ఒకే విషయాన్ని కొలుస్తున్నాయని నమ్మకండి. ఆ అంకె దేన్ని కొలుస్తోంది, ఎంతసేపు నిలుస్తుంది అని అడిగిన తరువాతే పోల్చండి.

కెమెరానే చూడండి. అల్ట్రా ప్రధాన కెమెరా 200 మెగాపిక్సెళ్లు (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు), ఐఫోన్‌ది 48, పిక్సెల్‌ది 50. అంకెలను బట్టి అల్ట్రా నాలుగు రెట్లు గొప్పదనిపిస్తుంది. కానీ మామూలుగా బొత్తాం నొక్కితే అల్ట్రా ఇచ్చే ఫోటో 12 మెగాపిక్సెళ్లదే, ఐఫోన్ ఇచ్చేది 24. అల్ట్రా సెన్సరులో వెలుతురును పట్టే ఒక్కొక్క గడి (దీన్నే పిక్సెల్ అంటారు, ఫోను పేరు కాదు) వెడల్పు 0.6 మైక్రోమీటర్లు మాత్రమే. అంత చిన్న గడిలో పడే వెలుతురు సంధ్యవేళకే చాలదు కాబట్టి, పక్కపక్కనున్న పదహారు గడులను కలిపి ఒకటిగా లెక్కగట్టి ఫోటోను తయారుచేస్తారు. పట్టపగలు కదలకుండా నిలబడి తీసినప్పుడు 200 మెగాపిక్సెళ్ల ఫోటో నిజంగానే ఎక్కువ వివరాలు చూపుతుంది. రాత్రి పెళ్లిపందిరిలో ఆ అంకెకు అర్థం లేదు.

జూమ్ విషయం ఇంతకన్నా ఆసక్తికరమైనది, అందుకే కాస్త లోతుగా చెబుతాను. అంతకుముందరి ఎస్23 అల్ట్రాలో 3 రెట్లు, 10 రెట్లు దగ్గరగా చూపే రెండు కెమెరాలు ఉండేవి, రెండూ 10 మెగాపిక్సెళ్లవే. ఎస్24 అల్ట్రాలో ఆ 10 రెట్ల కెమెరాను తీసివేసి, 5 రెట్లకు 50 మెగాపిక్సెళ్ల కెమెరాను అమర్చారు. పట్టిక చూసినవారు పదికి బదులు ఐదు వచ్చిందని, కంపెనీ వెనకడుగు వేసిందని విమర్శించారు. మీ చెల్లెలు బడి వార్షికోత్సవంలో వేదిక మీద నాట్యం చేస్తోందనుకోండి. మీరు ప్రేక్షకుల మధ్య కూర్చుని 7 రెట్ల జూమ్‌తో తీయబోతున్నారు. పాత ఫోను తన 3 రెట్ల కెమెరాతో తీసి మధ్యభాగాన్ని కత్తిరించాలి. పది మెగాపిక్సెళ్లలో అలా మిగిలేది రెండుకన్నా తక్కువ. కొత్త ఫోను 5 రెట్ల కెమెరాతో తీసి కత్తిరిస్తే యాభైలో పాతిక మిగులుతాయి. 10 రెట్ల దగ్గర కూడా పన్నెండున్నర మిగులుతాయి కనుక అక్కడా పెద్దగా నష్టం లేదు. జీవితంలో మనం తీసే దూరపు ఫోటోల్లో ఎక్కువ భాగం ఈ 3కీ 10కీ నడుమనే ఉంటాయి కాబట్టి, చిన్న అంకెతో వచ్చిన ఈ మార్పు మేలైనదేనని నా అభిప్రాయం.

తెర వెలుగును నిట్స్ అనే కొలతలో చెబుతారు. అల్ట్రాకు 2600, ఐఫోన్‌కు ఆరుబయట 2000, వన్‌ప్లస్‌కు 4500 అని ప్రకటించారు. వన్‌ప్లస్ చెప్పిన 4500 తెరలోని చిన్న భాగం కొద్దిసేపు చేరుకోగలిగే శిఖరం. ఎండలో తెర మొత్తానికి ఆ కంపెనీయే చెప్పిన అంకె 1600. పైగా మన ఎండాకాలాన్ని ఏ పట్టికా లెక్కలోకి తీసుకోదు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడుకోమని ఆపిల్ స్వయంగా చెబుతుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం 40 దాటినప్పుడు, ఏ కంపెనీ ఫోనైనా తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గిస్తుంది, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది. ఈ విషయంలో అల్ట్రాకున్న అసలు బలం నిట్స్‌లో లేదు, అద్దంలో ఉంది. కార్నింగ్ చేసిన గొరిల్లా ఆర్మర్ అనే ఆ అద్దం ప్రతిబింబాలను బాగా తగ్గిస్తుంది. షాపులో ట్యూబులైటు కింద అల్ట్రాను, మరొక ఫోనును తెరలు ఆర్పి పక్కపక్కన పెట్టి చూడండి: మిగతా ఫోనులో ట్యూబులైటు తెల్లటి కడ్డీలా మెరుస్తుంది, అల్ట్రాలో మసకబారిన గీతలా కనబడుతుంది. ఎండలో నిలబడి కూరగాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేటప్పుడు ఆ తేడా విలువ తెలుస్తుంది.

ఇక ఆయుష్షు. అల్ట్రాకు, పిక్సెల్‌కు ఏడేళ్లపాటు ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు, భద్రతా అప్‌డేట్లు ఇస్తామని కంపెనీలు మాట ఇచ్చాయి. వన్‌ప్లస్ నాలుగు వెర్షన్లు, ఐదేళ్ల భద్రత అన్నది. ఆపిల్ అలా గడువును ప్రచారం చేసి అమ్మదు గాని, 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021లో ఐఓఎస్ 15 (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ వెర్షన్) అందిన చరిత్ర ఉంది. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనులో బ్యాంకు యాప్‌లు, యూపీఐ వాడటం ప్రమాదం. కాబట్టి ధరను భద్రత ఉన్న ఏళ్లతో భాగించి చూడండి. విడుదలనాటి ధరల ప్రకారం అల్ట్రాకు ఏడాదికి సుమారు రూ. 18,600, పిక్సెల్‌కు రూ. 15,300, వన్‌ప్లస్‌కు రూ. 13,000 పడుతుంది. చూశారా, లెక్క వేసినా వన్‌ప్లస్సే చవక. కాకపోతే 65 వేల తేడా కాస్తా ఏడాదికి ఐదున్నర వేలకు దిగింది. అయితే ఏడేళ్లూ వాడేవారికే ఈ లెక్క వర్తిస్తుంది. రెండేళ్లకే ఫోను మార్చే అలవాటున్నవారికి ఏడేళ్ల హామీ దాదాపు నిరుపయోగం.

గెలాక్సీ ఏఐ, అంటే అల్ట్రాలో శాంసంగ్ ఇచ్చిన కృత్రిమ మేధ సదుపాయాల గురించి ఒక మాట. ఫోన్ సంభాషణను అప్పటికప్పుడు అనువదించే సదుపాయం విడుదలనాడు 13 భాషల్లో వచ్చింది, వాటిలో మన దేశపు భాష హిందీ ఒక్కటే. దాదాపు ఎనిమిది కోట్లమంది మాతృభాషకు అందులో చోటు లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. ఏ ఫోనులోనైనా ఇలాంటి సదుపాయం గురించి గొప్పగా చెబితే, తెలుగులో పనిచేస్తుందా అని అక్కడికక్కడే పరీక్షించి చూడండి.

మొత్తం మీద నా తీర్పు అడిగితే, గణితం, రేఖాచిత్రాలు చేత్తో రాసుకునే విద్యార్థికి అల్ట్రాలోని ఎస్ పెన్ (తెరమీద రాసే కలం) మిగతా మూడింటిలో లేని వసతి. ఫోనును ఆరేడేళ్లు జాగ్రత్తగా వాడేవారైతే దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. వీడియోలు తీయడమే ముఖ్యమైతే ఐఫోన్ మేలు. పిక్సెల్ ఫోటోలు చక్కగా తీస్తుంది గాని, దాని టెన్సర్ జీ3 ప్రాసెసర్ వేగంలో మిగతావాటికన్నా వెనకబడింది. ఎక్కువమంది ఇళ్లకు మాత్రం వన్‌ప్లస్ 12 సరిపోతుందనే అంటాను: ప్రాసెసర్ అల్ట్రాలోని ప్రాసెసర్ కుటుంబానిదే, బ్యాటరీ 5400 ఎంఏహెచ్, 100 వాట్ల ఛార్జరు పెట్టెలోనే వస్తుంది. అల్ట్రాకు 45 వాట్ల ఛార్జరు విడిగా కొనుక్కోవాలి. వన్‌ప్లస్‌లో రాజీపడాల్సింది నీటి విషయంలో. దాని ఐపీ65 రక్షణ (దుమ్మును, నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు) వాన చినుకులను తట్టుకుంటుంది, నీట మునిగితే హామీ లేదు. తక్కిన మూడింటికీ నీట కొంతసేపు మునిగినా తట్టుకునే ఐపీ68 ఉంది.

ఏది కొన్నా, మూడు నాలుగేళ్లకు బ్యాటరీ మార్చాల్సి వస్తుంది. మీ జిల్లాలో ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరు ఉందో లేదో, ఒరిజినల్ బ్యాటరీ వేసినందుకు ఎంత తీసుకుంటారో డబ్బు కట్టకముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఆ మొత్తాన్ని పైన చెప్పిన ఏడాది లెక్కలో కలపండి.

ఇట్లు,
మీ తాతయ్య